ఇంటికి ప్రెషర్ వాషర్: 120 బారా, 180 బారా? (తిరుపతి, బోరు నీళ్లు)

కరకంబాడి_రోడ్
కింద మేము, పైన అద్దెకు ఒక పోర్షన్, మిద్దె మీద వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు. అంతా బోరు నీళ్లే. ఒక కారు, రెండు బండ్లు, ఇంటి ముందర పార్కింగ్ టైల్స్, కార్తీక మాసం వానలకు మిద్దె మీద పట్టిన పాచి. వీటన్నిటికీ ఒక ప్రెషర్ వాషర్ చూస్తా ఉండాను. ఆన్‌లైన్‌లో 120 బార్ది ఒకటి, 180 బార్ది ఒకటి నచ్చినాయి (బార్ అంటే నీళ్ల ఒత్తిడి కొలత). రెండూ 1800 వాట్లే. 180ది రెండు వేలు తక్కువ కూడా. బార్లు ఎక్కువ, రేటు తక్కువ అయితే అదే తీసుకోవచ్చా? ట్యాంకు నుంచి వచ్చే కొళాయికి నేరుగా తగిలిస్తే పనిచేస్తాదా? తెలిసినోళ్లు చెప్పండి సామీ.

పంపుసెట్_వైండింగ్
రేటు సంగతి తర్వాత. ముందు ఒక లెక్క వేసుకోండి. బార్లను నిమిషానికి వచ్చే లీటర్లతో గుణించి 600తో భాగిస్తే నీళ్లలోకి ఎక్కే పవర్ కిలోవాట్లలో వస్తుంది. మోటారు వేడి, పంపు రాపిడి పోగా కరెంటులో 60 నుంచి 70 శాతం నీళ్లలోకి వస్తే మంచి మిషన్ కింద లెక్క.

120 బార్ మిషన్ నిమిషానికి 6 లీటర్లు ఇస్తే 120 × 6 ÷ 600 = 1.2 కిలోవాట్లు. 1800 వాట్ల మోటారుకు సరిపోయింది. ఇప్పుడు ఆ 180ది తీసుకోండి. పెట్టె మీద నిమిషానికి 8 లీటర్లు అని కూడా వేసుంటాడు చూడండి. 180 × 8 ÷ 600 = 2.4 కిలోవాట్లు. గోడలోంచి లాగేది 1.8, బయటికి ఇచ్చేది 2.4! అట్లాంటి మోటారు ఉంటే మనం కరెంటు బిల్లే కట్టక్కర్లేదు.

నిజంగా 1800 వాట్లయితే 6 లీటర్ల దగ్గర 110 నుంచి 125 బార్లు, 8 లీటర్ల దగ్గర 82 నుంచి 94 బార్లు. అంతకు మించి రాసినవన్నీ స్టిక్కరు బార్లు. వాట్లు కూడా స్టిక్కరువే అయి ఉండవచ్చు, అది వేరే కథ.

ఇంకొకటి. పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండేది మాక్సిమమ్ ప్రెషర్. పని చేసేటప్పుడు నాజిల్ దగ్గర ఉండేది రేటెడ్ ప్రెషర్. అది మిషన్ కింద అతికించిన రేకు ప్లేటు మీదో, మాన్యువల్ చివరి పేజీలోనో చిన్నగా ఉంటుంది. రెండు మిషన్లను పోల్చాలంటే రేటెడ్‌తో రేటెడ్‌నే పోల్చండి.

బండి_కడిగినోడు
పైన అన్న చెప్పిన లెక్క ఒక్కటి గుర్తుపెట్టుకుంటే సగం మోసాలు అక్కడే ఆగిపోతాయి. నేను ఇంకో ముక్క కలుపుతా. మురికిని ఊడగొట్టేది ప్రెషరు, ఊడినదాన్ని మోసుకుపోయేది నీళ్లు. కారుకు 80–100 బార్లు చాలు, అంతకు పైన పెయింటుకు లాభం లేదు. లీటర్లు తక్కువైతే మాత్రం బురద ఊడి, జారక, అక్కడే కూర్చుంటాది. 140 బార్ 5 లీటర్ల మిషన్ కంటే 100 బార్ 7 లీటర్ల మిషన్‌తో కారు తొందరగా అయితాది.

కొన్ని కంపెనీలు గంటకు లీటర్లు రాస్తాయి, దాన్ని 60తో భాగించుకోండి. గంటకు 360 అంటే నిమిషానికి 6.

కరకంబాడి_రోడ్
అర్థమైంది అన్నా. అయితే 180ది వద్దు. మోటారులో ఇండక్షన్ అని ఒక రకం కనిపిస్తా ఉంది, రేటు దాదాపు రెట్టింపు. ఇంటికి అవసరమా?

పంపుసెట్_వైండింగ్
మామూలు మిషన్లలో ఉండేది కార్బన్ బ్రష్షుల మోటారు, మిక్సీలో ఉండేలాంటిది. తేలిక, గోల ఎక్కువ, నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. 15–20 నిమిషాలు నడిపి కాసేపు ఆపితే ఏ ఇబ్బందీ లేదు. బ్రష్షులు అరిగితే మార్చుకోవచ్చు, వైండింగ్ కాలితే మాత్రం చాలా వాటిలో కొత్త మోటారు రేటుకూ కొత్త మిషన్ రేటుకూ పెద్ద తేడా ఉండదు.

ఇండక్షన్ మోటారు బరువు. గోల తక్కువ, గంటసేపు వరసగా నడిచినా వేడికి తట్టుకుంటుంది, కాలినా మన ఊరి వైండింగ్ షాపులో చుట్టిస్తారు. దాని బలహీనత వోల్టేజీ. ఎండాకాలం సాయంత్రం 190కి పడితే బ్రష్షుల మోటారు నెమ్మదిగా అయినా తిరుగుతుంది. ఇండక్షన్‌ది హుమ్మని మూలుగుతూ నిలబడిపోతుంది. అట్లా పది సెకన్లు దాటితే వైండింగ్‌కు దెబ్బ. వెంటనే ఆపేయాలి.

మీ పని చూస్తే వారానికి ఒక కారు, రెండు బండ్లు. దానికి బ్రష్షుల మోటారు చాలు. మిద్దె మొత్తం ఒకే రోజు కడగాలి అనుకుంటే ఇండక్షన్. పంపు తల ప్లాస్టిక్ కాకుండా అల్యూమినియమో ఇత్తడో ఉందా అనేది మోటారు రకం కంటే ముందు అడగండి. బోరు నీళ్లకు ఇత్తడి మేలు.

వైరింగ్_మామ
మిషన్ గురించి అందరూ చెప్తారు, ప్లగ్గు గురించి ఎవరూ చెప్పరు. 1800 వాట్లను 230తో భాగిస్తే 7.8 ఆంపియర్లు. బెడ్‌రూములో ఫోను ఛార్జింగ్ పెట్టుకునే చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది. దానికి కన్వర్టర్ పెట్టి నడపొద్దు. గీజరు పెట్టుకునే 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టు కావాలి, అందులో ఎర్తింగ్ నిజంగా ఉందని చూసుకోవాలి.

ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలు దొంగ. బజారులో దొరికే మామూలు బాక్సులో వైరు 0.75 చదరపు మిల్లీమీటర్లు, కొన్నిట్లో అంతకంటే సన్నం. 15 మీటర్ల అట్లాంటి వైరులో 8 ఆంపియర్లు పోతే దగ్గర దగ్గర 50 వాట్లు ఉత్త వేడి కింద పోతాయి. వైరు పరిచి ఉంటే ఆ వేడి గాలికి పోతుంది. రీలుకు చుట్టే ఉంచి నడిపితే 50 వాట్లూ ఒక్కచోటే నిలబడి పైనున్న ప్లాస్టిక్ మెత్తబడుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల ఫ్లెక్సిబుల్ వైరు కొని, ఒక చివర 16 ఆంపియర్ల టాప్, ఇంకో చివర వానకు తట్టుకునే మూత ఉన్న సాకెట్టు మీరే వేయించుకోండి. వాడేటప్పుడు రీలు మొత్తం విప్పేయండి. జాయింటు నేల మీద పడేయొద్దు, కిటికీ కమ్మీకి కట్టేయండి.

ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతట అదే పడిపోయే స్విచ్చు) లేకపోతే మిషన్ కంటే ముందు అది పెట్టించండి. ఉన్నవాళ్లు దాని మీది టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడండి, పడిపోవాలి. తడి నేల, తడి చేతులు, 230 వోల్టులు… ఇంకా ఏం చెప్పాలి.

ఇంటి ఇన్వర్టర్ మీద నడుస్తుందా అని అడగబోయేవాళ్లకు: నడవదు.

చిత్తూరు_ట్యాంకర్
నీళ్ల విషయం నేను చెప్తా. ట్యాంకు ఎత్తు చూసి భయపడొద్దు. పది మీటర్ల ఎత్తుకు ఒక బార్. మీది రెండంతస్తుల పైన అంటే కింద కొళాయి దగ్గర 0.6, 0.7 బార్ ఉంటాది. మిషన్‌కు ఆ ప్రెషర్ కంటే ముఖ్యం నీళ్లు ఎంత వేగంగా వస్తాయనేది. 10 లీటర్ల బకెట్టు కొళాయి కింద పెట్టి, పూర్తిగా తిప్పి, ఫోనులో టైము చూడండి. ఒక నిమిషం లోపల నిండితే ఏ ఇంటి మిషన్‌కైనా సరిపోతాది. ఒకటిన్నర నిమిషం దాటితే మిషన్‌కు నీళ్లు చాలవు.

చాలకపోతే ఏమవుతాదంటే, పంపు నీళ్ల కోసం గుంజి గుంజి లోపల బుడగలు పుట్టిస్తాది. ఆ బుడగలు పగిలేటప్పుడు పంపులో గులకరాళ్లు వేసినట్టు చప్పుడు వస్తాది. గన్నులో నీళ్లు ఆగి ఆగి కొడతాయి. అట్లే నడిపితే సీళ్లు పోతాయి, వాల్వులు పోతాయి. వారంటీలో కూడా రాదు.

మిషన్‌కు వచ్చే పైపు అరంగుళం కంటే సన్నం ఉండకూడదు. మడతలు పడే పల్చటి తోట పైపు వద్దు, లోపల నూలు జాలీ ఉన్న పైపు తీసుకోండి.

ఇంక నల్ల ట్యాంకు. ఇంటి మిషన్లలో చాలావాటికి లోపలికి వెళ్లే నీళ్లు 40 డిగ్రీలకు మించకూడదు. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి మిద్దె మీద పైపులో నిలబడిన నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాలతా ఉంటాయి. వాటితో నడిపితే సీళ్లు మెత్తబడతాయి. ఎండాకాలం తెల్లారి ఏడు లోపల కడుక్కోండి. లేదంటే ముందు పైపులో నీళ్లు రెండు బకెట్లకు పట్టి పక్కన పెట్టి తర్వాత తగిలించండి.

మిద్దెతోట_అక్క
నీళ్లు ఆదా అవుతాయని ప్రకటనల్లో చెప్తారు కదా, అది దేంతో పోలిస్తే అన్నది చూడాలి. కొళాయి పైపు వదిలేసి కడిగే అలవాటుంటే నిజమే, పైపులో నిమిషానికి 12–15 లీటర్లు పోతాయి. బకెట్టు, గుడ్డతో కడిగేవాళ్లకు కాదు. 6 లీటర్ల మిషన్‌తో కారు మీద ట్రిగ్గర్ నొక్కే టైము 12 నిమిషాలు అనుకున్నా 72 లీటర్లు. బకెట్టుతో మూడు బకెట్లు, 45 లీటర్లు. చిత్తూరులో ట్యాంకరు నీళ్లు కొనుక్కునే ఇళ్లలో కారు కోసం ఈ మిషన్ కొనమని నేను చెప్పను. మిద్దె, మెట్లు, పార్కింగ్ కోసమైతే చెప్తాను, అక్కడ చీపురుతో రెండు గంటల పని అరగంటలో అవుతుంది.

కరకంబాడి_రోడ్
అక్కా, ఆ మిద్దె పాచి సంగతే అడగాలి. నేరుగా కొట్టేయచ్చా?

మిద్దెతోట_అక్క
ముందు మిద్దె మీద ఏముందో చూడండి. వాటర్‌ప్రూఫ్ పెయింటు పూసి ఉంటే ప్రెషర్ వాషర్ దాని జోలికి పోకూడదు. ఎక్కడో ఒక అంచు లేచిందంటే నీళ్లు దాని కిందికి దూరి పెద్ద పెద్ద పొరలుగా లేపేస్తాయి. పాత సున్నపు దంగుడు మిద్దెలకు కూడా వద్దు. టైల్స్ వేసిన మిద్దె అయితే టైలు టైలుకు మధ్య సిమెంటు గట్టిగా ఉందేమో గోటితో గీకి చూడండి. పొడి రాలితే ముందు ఆ సందులు పూడ్చి, వారం ఆరనిచ్చి, అప్పుడు కడగండి. లేకపోతే కడిగింది మిద్దె, కారేది హాల్లో.

బాగుందనుకుంటే ఇట్లా చేయండి. ఎండిన పాచిని పొడిగా ఉన్నప్పుడే గట్టి చీపురుతో ఊడ్చేయండి, సగం అక్కడే పోతుంది. 10 లీటర్ల నీళ్లలో 100 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి, అరగంట తేరనిచ్చి, పైన తేట మాత్రం వంచుకోండి. ఎండ రాకముందు నల్లగా ఉన్నచోట్ల పోసి 20 నిమిషాలు వదిలేయండి. పాచి రంగు పోయి పాలిపోతుంది, వేరు చచ్చినట్టే. తర్వాత మిషన్. ఇట్లా చేయకుండా ఉత్త నీళ్లతో కొడితే ఆ రోజు తెల్లగా కనిపించి, మళ్లీ రెండు వానలకే పచ్చబడుతుంది.

నీళ్లు పోయే తూముకు ఎదురుగా ఉన్న ఎత్తు మూల నుంచి మొదలుపెట్టి తూము వైపుకు రండి. తూము నోటికి దోమతెర ముక్క కట్టండి, లేకపోతే ఊడిన పాచి పైపు మలుపులో ముద్దకడుతుంది. కుండీలు ముందే పక్కకు జరపండి. బ్లీచింగ్ నీళ్లు మొక్కలకు విషం.

బ్లీచింగ్ పోసిన చోట బాత్రూం యాసిడ్ మాత్రం కలవనీయొద్దు, క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. ఆరుబయటే కదా అనుకోవద్దు, వంగి రుద్దేటప్పుడు ముఖం అక్కడే ఉంటుంది. కడప రాయి మీద అయితే యాసిడ్ ఎట్లాగూ పనికిరాదు. అది సున్నపురాయి జాతి, చుక్క పడితే బుస్సున పొంగి మెరుపు పోతుంది.

బండి_కడిగినోడు
పార్కింగ్ టైల్స్‌కు ఒక మాట. టైల్స్ సిమెంటులో పరిచినవైతే ఇబ్బంది లేదు. ఇసుకలో పేర్చిన పేవర్ బ్లాకులైతే ప్రెషరుకు సందుల్లో ఇసుక ఎగిరిపోతాది, నెలకు బ్లాకులు కదలడం మొదలవుతాది. జెట్టును సందు వెంబడి కాకుండా అడ్డంగా తిప్పండి. అయినాక సన్న ఇసుక చల్లి చీపురుతో సందుల్లోకి తోసేయండి.

గట్టి నేలకు టర్బో నాజిల్ వాడండి. సూదిలాంటి ఒకే ధార గుండ్రంగా తిరుగుతా కొడతాది. నేలకు 20–30 సెంటీమీటర్ల పైన పట్టుకుని, ఒకచోట నిలపకుండా కదిలిస్తా ఉండాలి. మూలలో కనపడని చోట ఒక అడుగు కొట్టి చూసుకుని అప్పుడు మిగతాది. దీన్ని కారు మీదికి తేవొద్దు.

కరకంబాడి_రోడ్
కారుకు ఏ నాజిల్? మిషన్‌తో రంగు రంగులవి అయిదు వస్తాయంట.

బండి_కడిగినోడు
ఎరుపు 0 డిగ్రీలు, పసుపు 15, ఆకుపచ్చ 25, తెలుపు 40, నలుపు 65, నలుపు సబ్బుకు. కారుకు తెలుపు. చక్రాల లోపలి గుంతకు, మడ్‌గార్డు కింద బురదకు ఆకుపచ్చ. ఎరుపును ఇంట్లో ఏ పనికీ వాడకుండా డ్రాయరులో పడేయండి.

రంగు కంటే దూరం ముఖ్యం. ఆకుపచ్చ నాజిల్ 30 సెంటీమీటర్ల దూరంలో 13 సెంటీమీటర్ల వెడల్పు పడతాది. అదే 10 సెంటీమీటర్లకు తెస్తే నాలుగున్నర వెడల్పే. అదే నీళ్ల దెబ్బ మూడోవంతు చోటులో పడితే మూడింతలు గట్టిగా తగిలినట్టు. పక్షి రెట్ట ఊడలేదని నాజిల్ దగ్గరికి తోస్తారు చూడండి, పెయింటు లేచిపోయేది అక్కడే. ఊడకపోతే తడిగుడ్డ వేసి అయిదు నిమిషాలు నాననివ్వండి. రాయి తగిలి పెయింటు పెచ్చు లేచిన చోటు, బంపర్ల మీద మళ్లీ పెయింటు వేయించిన చోటు, స్టిక్కర్ల అంచులు, రబ్బరు బీడింగులు, వీటికి అరమీటరు దూరం ఉండాలి. టైరు పక్క గోడకు కూడా 30 సెంటీమీటర్ల లోపలికి రావద్దు, లోపల దెబ్బ తిన్నా బయటికి కనపడదు.

క్రమం ఇది. బండి నీడలో, బానెట్టు చల్లారినాక. ముందు చక్రాలు. తర్వాత ఉత్త నీళ్లు పై నుంచి కిందికి. తర్వాత నురగ: లీటరు సీసాలో 100 మిల్లీలీటర్ల కారు షాంపూ, మిగతా నీళ్లు. 4–5 నిమిషాలు ఉంచాలి, ఎండిపోనీయకూడదు. నీళ్లతో పోగొట్టినాక సన్నటి పొర మిగులుతాది, దాన్ని మెత్తటి మిట్టుతో (చేతికి తొడుక్కునే గుడ్డ) తుడిస్తేనే పోతాది. నురగ ఒక్కటే కొట్టేస్తే కారు తళతళ అనేది వీడియోల్లోనే. చివర తువ్వాలు. తిరుపతి బోరు నీళ్లు పెయింటు మీద ఆరితే తెల్ల చుక్కలు పడతాయి, ఎండలో రెండు మూడు సార్లు ఆరితే అవి పాలిష్‌కు తప్ప పోవు.

గిన్నెల సబ్బు, బట్టల పౌడరు వద్దు. మైనం పొర పోతాది, పౌడరు గింజలు నురగ సీసాలో జాలీకి అడ్డం పడతాయి.

స్పేర్స్_గాంధీరోడ్
నురగ పల్చగా వస్తోందని తిట్టుకునేవాళ్లకు: ఫోమ్ లాన్స్ (గన్నుకు తగిలించే నురగ సీసా) లోపల ఒక చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది, దాని రంధ్రం 1.25 మిల్లీమీటర్లు. అది పెద్ద మిషన్లకు. ఇంటి మిషన్‌కు 1.1ది అడిగి వేసుకోండి. ఆ పక్కనే ఉన్న తీగ జాలీ ఉప్పు పట్టి మూసుకుపోతుంది, దాన్ని విడిగా తీసి వెనిగర్‌లో నానబెట్టి కడగండి.

రంగు నాజిళ్ల సెట్టు విడిగా కొనేటప్పుడు నంబరు చూడాలి. సగం మంది 3.0 తెచ్చుకుంటారు. నిమిషానికి 6 లీటర్ల మిషన్‌కు 3.0 వేస్తే ప్రెషర్ 75 బార్ దగ్గరే ఆగుతుంది, మిషన్‌ది తప్పు కాదు, రంధ్రం పెద్దది. అదే 2.5 వేస్తే 110 వస్తుంది. పాత నాజిల్ అరిగినా ఇదే జరుగుతుంది. ఉప్పునీళ్లలో ఇసుక ఉంటే ఇంకా తొందరగా.

అలిపిరి_రైడర్
బండ్ల గురించి ఎవరూ రాయలేదు. చైనుకు అడ్డంగా దగ్గర నుంచి కొట్టొద్దు. ఓరింగ్ చైన్లలో లింకుల మధ్య రబ్బరు వలయాలు గ్రీజును పట్టి ఉంచుతాయి, జెట్టు వాటిని దాటి లోపలి గ్రీజును కడిగేస్తుంది. చక్రం ఇరుసు దగ్గర బేరింగు సీలు, హ్యాండిల్ కింద బేరింగు, తాళంచెవి రంధ్రం, స్విచ్చులు, సైలెన్సరు మూతి, సీటు కింద బ్యాటరీ, వీటికి నేరుగా కొట్టొద్దు. సైలెన్సరు మూతికి పాలిథిన్ కవరు, రబ్బరు బ్యాండు. రేడియేటర్ ఉన్న బండ్లలో దాని రెక్కలు అగ్గిపెట్టె అట్ట కంటే పల్చన, ఎదురుగా దూరం నుంచి మాత్రమే. కాలే ఇంజన్ మీద చన్నీళ్లు వద్దు. అయినాక బండి స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు ఉంచి, బ్రేకులు రెండు మూడు సార్లు పట్టి ఆరబెట్టి, చైనుకు 90 నంబరు గేరు ఆయిల్ పూయండి.

వైరింగ్_మామ
దీనికే ఇంకో రెండు చేర్చుకోండి: మిద్దె మీద సోలార్ పలకలు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్. రెంటికీ ప్రెషర్ వాషర్ వద్దు. పలకలకు తెల్లవారుజామున మామూలు పైపు, మెత్తటి బ్రష్షు. ఏసీ రెక్కలు వంగితే గాలి ఆడదు.

మిద్దెతోట_అక్క
పిల్లలున్న ఇళ్లకు ఒక హెచ్చరిక. జెట్టు దగ్గర నుంచి చేతికో పాదానికో తగిలితే పైకి సూది గుచ్చినంత చుక్కే కనిపిస్తుంది. లోపల నీళ్లు, మురికి కండరం పొరల మధ్యకు వెళ్లి ఉంటాయి. నొప్పి లేదని పసుపు పెట్టి ఊరుకోకూడదు, అదే గంటలో ఆసుపత్రికి వెళ్లి ప్రెషర్ వాషర్ దెబ్బ అని చెప్పాలి. హవాయి చెప్పులతో కడగొద్దు, గంబూట్లు వేసుకోండి. గన్ను కింద పెట్టేటప్పుడు ట్రిగ్గర్ లాక్ వేయండి.

గూడూరు_గోడౌన్
నా దగ్గరున్న మిషన్‌లో ట్రిగ్గర్ వదిలేసినాక కూడా పది సెకన్లకోసారి దానంతట అది ఆన్ అయి ఆగిపోతోంది. స్విచ్చు పోయిందా?

పంపుసెట్_వైండింగ్
స్విచ్చు సరిగ్గానే పనిచేస్తోంది, ప్రెషరే ఎక్కడో లీకవుతోంది. ఆటో స్టాప్ మిషన్లలో ట్రిగ్గర్ వదలగానే పైపులో ప్రెషర్ బిగుసుకుని, అది స్విచ్చును తోసి మోటారును ఆపుతుంది. ఎక్కడైనా కారితే ప్రెషర్ తగ్గి మోటారు మళ్లీ లేస్తుంది. ముందు బయటవి చూడండి: గన్ను కింద, పైపు రెండు చివర్లు, నాజిల్ మూతి. ఎక్కడ చుక్క కారినా అక్కడ ఓరింగ్ మార్చండి, సిలికాన్ గ్రీజు పూసి వేయండి. బయట అంతా పొడిగా ఉంటే లోపల నాన్ రిటర్న్ వాల్వులో (నీళ్లను వెనక్కి పోనీయని వాల్వు) ఇసుక రేణువో, దాని ఓరింగ్ తెగడమో. అది పంపు తల విప్పాల్సిన పని.

ఆటో స్టాప్ లేని మిషన్ అయితే ట్రిగ్గర్ వదిలినా మోటారు తిరుగుతూనే ఉంటుంది, అవే నీళ్లు లోపల తిరిగి తిరిగి వేడెక్కుతాయి. రెండు నిమిషాలకు మించి అట్లా వదలకండి.

ఇంకో మామూలు కంప్లయింట్: మూడు నెలలు వాడకుండా పెట్టి ఆన్ చేస్తే మూలుగుతుంది, తిరగదు. లోపల నిలబడ్డ బోరు నీళ్లు ఎండి ఉప్పు గడ్డకట్టి పిస్టన్లను పట్టేసి ఉంటుంది. మోటారు ఆపి ఉంచి, నీళ్లు పెట్టి, గన్నులోంచి నీళ్లు వచ్చేదాకా ట్రిగ్గర్ నొక్కి, ఒక గంట నాననిచ్చి మళ్లీ చూడండి. ఇట్లా రాకుండా ఉండాలంటే ఆపే పద్ధతి ఉంది. ముందు కొళాయి కట్టేయాలి. మోటారు నడుస్తుండగానే ట్రిగ్గర్ నొక్కి నీళ్లు అయిపోయేదాకా ఉంచాలి, కొన్ని సెకన్లు చాలు, నిమిషం నడపకూడదు. స్విచ్చు ఆపి, ప్లగ్గు తీసి, ఇంకోసారి ట్రిగ్గర్ నొక్కి మిగిలిన ప్రెషర్ వదిలేయాలి. అప్పుడే పైపు విప్పాలి.

స్పేర్స్_గాంధీరోడ్
పైపు మార్చేటప్పుడు ఎం22 (22 మిల్లీమీటర్ల మర ఉన్న జాయింటు) అని అడిగితే చాలదు. అందులో లోపలి సూది 14 మిల్లీమీటర్లది ఒకటి, 15ది ఒకటి. మర రెంటిదీ ఒకటే కాబట్టి చక్కగా బిగుస్తుంది. 14 సూదిని 15 రంధ్రంలో పెడితే ఎంత బిగించినా ప్రెషర్ రాగానే కారుతుంది, 15ను 14లో పెడితే దూరదు. టెఫ్లాన్ టేపు చుట్టి ప్రయోజనం లేదు. వెర్నియర్‌తో కొలుచుకుని రండి, లేదా పాత పైపు పట్టుకుని రండి. కార్చర్, బాష్ ఇంటి మిషన్లకు గన్ను దగ్గర వాళ్ల సొంత గుచ్చే రకం ఫిట్టింగులు ఉంటాయి, వాటికి అడాప్టర్ తీసుకుంటే మిగతా నాజిళ్లన్నీ పడతాయి.

కరకంబాడి_రోడ్
బకెట్టు పెట్టి చూసినా. 10 లీటర్లకు 1 నిమిషం 50 సెకన్లు. కొళాయి మూతిలో జాలీ తీసేసినా అంతే. పైపులు పాత జీఐవి. ఇంక మిషన్ కొనే ఆలోచన మానుకోవాల్సిందేనా?

చిత్తూరు_ట్యాంకర్
మానుకోవద్దు, డ్రమ్ము పెట్టుకో. నీకు వచ్చేది నిమిషానికి అయిదున్నర లీటర్ల లోపు. 6 లీటర్ల మిషన్‌కు నేరుగా తగిలిస్తే ఆకలితో గుంజుతాది. అదే 100 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము నింపి, దాన్లోంచి మిషన్ లాగేటట్టు పెట్టి, కొళాయి డ్రమ్ములోకి తిప్పి వదిలేయ్. నిమిషానికి అరలీటరు పైన మాత్రమే తగ్గుతాది. గంటన్నర వరసగా కొట్టినా డ్రమ్ము అడుగంటదు, మోటారుకే నువ్వు మధ్యలో రెస్టు ఇయ్యాల.

కొనేటప్పుడు బకెట్టు నుంచి లాగుతుందా, సెల్ఫ్ సక్షన్ ఉందా అని మాన్యువల్‌లో చూసుకో, అన్నిటికీ ఉండదు. లాగే పైపు రెండు మూడు మీటర్లకు మించకూడదు, మిషన్ గుంజేటప్పుడు ముడుచుకుపోని గట్టి పైపు కావాల. మిషన్ డ్రమ్ము నీళ్ల మట్టానికి అరమీటరు కంటే పైన పెట్టొద్దు, పక్కన నేల మీదే పెట్టు. మొదలుపెట్టే ముందు ఆ పైపును డ్రమ్ములో పూర్తిగా ముంచి గాలి పోయినాక నీళ్లతో నిండి ఉండగానే మిషన్‌కు బిగించు. గన్నుకు నాజిల్ లేకుండా ట్రిగ్గర్ నొక్కి ఆన్ చేయి, బుడగలు ఆగి ధార నిండుగా వచ్చినాక ఆపి నాజిల్ పెట్టు.

కరకంబాడి_రోడ్
బోరులో సన్న ఇసుక కూడా వస్తాది అన్నా. అది డ్రమ్ములో పేరుకుంటే?

చిత్తూరు_ట్యాంకర్
పేరుకోనీ, పైపులో పోయేకంటే అక్కడ ఉండేదే మేలు. లాగే పైపు చివర ఫిల్టరుకు తాడు కట్టి డ్రమ్ము అంచుకు వేలాడదీయ్, అడుగు నుంచి జానెడు పైన ఉండేటట్టు. పోసే కొళాయి పైపు మూతికి పాత పంచె గుడ్డ రెండు పొరలు కట్టు.

పంపుసెట్_వైండింగ్
మిషన్ లోపలికి నీళ్లు పోయే మూతి దగ్గర కూడా వేలిమందం జాలీ ఉంటుంది, చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. నోస్ ప్లయర్‌తో బయటికి లాగి నాలుగు వాడకాలకోసారి కడగండి. చిరిగితే అది లేకుండా మాత్రం నడపొద్దు.